ఊరిని చదివే చదువు

"అమ్మాయి డిగ్రీ పాసైంది. పల్లెటూళ్ల మీద ఎమ్మే చేస్తుందట! పల్లెలో పుట్టినదానికి పల్లె గురించి చదువెందుకమ్మా?" రాజంపేట వైపు ఏ తల్లయినా ఇలా అంటే తప్పు పట్టలేం. కానీ పుట్టి పెరిగిన ఊరు మనకు అలవాటైనంత మాత్రాన అర్థమైనట్టు కాదు. పొలం ఎవరి పేరున ఉంది, కూలి మగవాళ్లకెంత, ఆడవాళ్లకెంత... రోజూ చూస్తూనే ఉంటాం. ఎందుకలా అని మాత్రం అడగం. ఆ 'ఎందుకు'ని పద్ధతిగా అడగటమే గ్రామీణ సమాజశాస్త్రం.

వంటింటి గడప దాటి...

ఈ చదువు మనకు కొత్తదేం కాదు. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను పరిశీలించి ఎస్.సి. దూబే 1955లో 'ఇండియన్ విలేజ్' ప్రచురించారు. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి ఒక పల్లెలో ఉండి వివరాలు రాసుకున్నారు. 1970లో అమెరికాలో ఆ నోట్సు మంటల్లో కాలిపోతే, జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వచ్చింది. అంతటి పండితుడికీ ఆడవాళ్ల లోకం కొంత దూరంగానే ఉండిపోయింది. పరాయి మగవాడితో పొయ్యి దగ్గర కూర్చుని ఎవరు మనసు విప్పుతారు? మన అమ్మాయితో అయితే విప్పుతారు!

అడగాల్సినవెన్నో!

ఈ ప్రాంతం నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు ఎందరో. వాళ్లు పంపిన డబ్బుతో ఇల్లు లేస్తుంది, పిల్లల్ని అవ్వ సాకుతుంది. మరి ఆ డబ్బు ఖర్చుపెట్టే పెత్తనం ఎవరిది? 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి నీళ్లు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీద పడ్డాయి. కూలిన ఇళ్ల లెక్క కాగితాల్లో దొరుకుతుంది. పాడిపశువు పోయిన ఇల్లాలు ఆ తర్వాత సంసారం ఎలా ఈదిందో ఎవరైనా పక్కన కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

ఎక్కడ చదవాలి?

'రూరల్ సోషియాలజీ' అన్న పేరుతోనే డిగ్రీ వెతకొద్దు. చాలాచోట్ల ఎం.ఏ. సోషియాలజీలో అదొక పేపరు. గ్రామీణాభివృద్ధి దీనికి దగ్గరి చదువు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, ఆడపిల్లల కోసమే 1983లో పెట్టిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఏ కోర్సు ఎక్కడ నడుస్తోందో ముందే కనుక్కుని ఏపీ పీజీసెట్ రాయించండి. ఇల్లు కదలలేనివారికి ఇగ్నో దూరవిద్య ఉంది. ఏ డిగ్రీ అయినా సరే. రెండేళ్ల కోర్సును నాలుగేళ్ల దాకా సాగదీసుకోవచ్చు.

ఊళ్లోకి వెళ్లేటప్పుడు...

* కూలికి వెళ్లే వేళ కాక, తీరిక వేళ చూసుకుని వెళ్లాలి.
* వెళ్లీ వెళ్లగానే ప్రశ్నల కాగితం తీయకూడదు. కాసేపు కష్టసుఖాలు మాట్లాడాలి.
* ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకూడదు. రాతలో పేర్లు మార్చాలి.

పాసైన మర్నాడే ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టలేం. స్వచ్ఛంద సంస్థలు, పొదుపు సంఘాల కార్యక్రమాల్లో అవకాశాలుంటాయి. 'నెట్' పాసైతే లెక్చరర్ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. పెళ్లి సంబంధాలంటారా? రెండేళ్లు ఆగితే కొంపలేం మునగవు. మునిగిన కొంపల సంగతి రాయగలిగిన ఆడపిల్ల మాత్రం ఊరికొకరైనా కావాలి.