పెట్టలని కొంటే పుంజులు!

సంతల్లో గంపలకెత్తి అమ్మే రంగు కోడిపిల్లలన్నీ పెట్టలేనని అమ్మేవాళ్లు చెబుతుంటారు. గుడ్లమ్ముకుంటే చేతి ఖర్చులకు నాలుగు డబ్బులొస్తాయని ఆడవాళ్లు డజన్ల లెక్కన కొంటారు. బతికినవి నాలుగు నెలలు తిరిగేసరికి కూతకొస్తాయి! గుడ్ల జాతి పుంజుపిల్లలతో హేచరీలకు పనిలేదు. చాలావరకు వాటికే రంగులద్ది చౌకగా వదిలించుకుంటారు.

రోజు పిల్లలోనే తేడా కనిపెట్టే విద్య లేకపోలేదు. 1920లలో జపాన్ శాస్త్రజ్ఞులు దానిని కనుగొన్నారు. పిల్ల మలద్వారాన్ని వేళ్లతో మెల్లగా విప్పి, లోపలి చిన్న బొడిపెను చూస్తారు. దానికి ఎంతో సాధన కావాలి. చేయి తిరగనివాళ్లు నొక్కితే పిల్ల చస్తుంది. రెక్క ఈకల పొడుగు చూసి చెప్పడం కొన్ని హేచరీ జాతుల్లోనే కుదురుతుంది, నాటుపిల్లల్లో కుదరదు. కోలగుడ్డయితే పుంజు అనే మాటనూ నమ్మడానికి లేదు.

నాటుపిల్లలకైతే ఆరేడు వారాలు ఆగాలి. పుంజుకు నెత్తిన జుట్టు ముందుగా ఎర్రబడి పెరుగుతుంది, కాళ్లు లావెక్కుతాయి. అసీల్ పుంజులకు జుట్టే చిన్నది గనుక అదొక్కటీ చాలదు. మూడు నెలలప్పుడు తోక మొదట్లో, నడుము మీద ఈకలు చూడాలి. సన్నగా మొనదేలి పక్కలకు జారితే పుంజు, కొస గుండ్రంగా ఉంటే పెట్ట. పెట్ట ధర ఇచ్చేవాళ్లు ఆ ఈక చూశాకే డబ్బు తీయడం మేలు. కాలి ముల్లును బట్టి తేల్చరాదు. ముదురు పెట్టల్లో కొన్నింటికి ముల్లు వస్తుంది.