అమెరికాలో ఇంటి రీమోడలింగ్: బిల్లు మొత్తం కట్టేసినా ఇంటిపై 'లీన్' ఎందుకు పడుతుంది? కాంట్రాక్టర్‌ను పెట్టుకునే ముందు చూడాల్సినవి ఇవే..

కాలిఫోర్నియాలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలు కిచెన్ మార్చాలన్నా, వెనకాల ఓ గది పెంచాలన్నా ముందు వెతికేది జనరల్ కాంట్రాక్టర్ కోసమే. తెలిసినవాళ్లు ఎవరో ఒక నంబర్ ఇస్తారు. వాట్సాప్ గ్రూప్‌లో ఇంకెవరో 'మా ఇంట్లో బాగా చేశాడు' అంటారు. రేటు కుదిరితే చాలు, పని మొదలైపోతుంది. ఊళ్లో మేస్త్రీని మాట్లాడుకున్నట్టే కదా అనుకుంటే మాత్రం ఇబ్బందే. ఎందుకంటే అక్కడ కాంట్రాక్టర్‌కు పైసాతో సహా కట్టేసినా, అతను తన కింద పనిచేసినవాళ్లకు డబ్బు ఎగ్గొడితే ఆ బాకీ ఇంటి మీదకు వస్తుంది. అలా రాకుండా ఏం చేయాలి? లైసెన్స్ ఎలా చెక్ చేయాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

లైసెన్స్ ఎవరికి ఉండాలి?

కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్లకు లైసెన్స్ ఇచ్చేది కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డ్. దీన్నే సీఎస్‌ఎల్‌బీ అంటారు. కూలి, మెటీరియల్ కలిపి 1,000 డాలర్లు, అంతకంటే ఎక్కువయ్యే ఏ పనికైనా లైసెన్స్ తప్పనిసరి. గతంలో ఈ పరిమితి 500 డాలర్లు ఉండేది. 2025 జనవరి 1 నుంచి దాన్ని పెంచారు. అయితే ఇక్కడో మెలిక ఉంది. పని విలువ 1,000 డాలర్ల లోపే అయినా, దానికి సిటీ పర్మిట్ కావాల్సి వచ్చినా, చేసే వ్యక్తి పనివాళ్లను పెట్టుకున్నా లైసెన్స్ ఉండాల్సిందే.

ఈ లైసెన్స్ ఊరికే రాదు. గత పదేళ్లలో కనీసం నాలుగేళ్ల పని అనుభవం చూపించాలి. చట్టం మీద ఒక పరీక్ష, పని మీద మరో పరీక్ష పాస్ కావాలి. వేలిముద్రలు ఇచ్చి నేర చరిత్ర తనిఖీ చేయించుకోవాలి. 25,000 డాలర్ల బాండ్ కూడా పెట్టాలి.

ఏ పనికి ఏ లైసెన్స్?

లైసెన్స్ ఉందంటే అన్ని పనులూ చేయొచ్చని కాదు. ఇళ్లు కట్టే జనరల్ కాంట్రాక్టర్‌కు ఉండేది 'బీ' క్లాస్ లైసెన్స్. కార్పెంటరీ, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ లాంటి రకరకాల పనులు కలిసిన ప్రాజెక్టును ఒప్పుకుని, మనుషులను కుదిర్చి, పూర్తి చేసి అప్పగించే బాధ్యత ఇతనిది. ఒక్క పని మాత్రమే చేసేవాళ్లకు 'సీ' క్లాస్ ఉంటుంది. అందులో ఎలక్ట్రీషియన్‌ది సీ-10, ప్లంబర్‌ది సీ-36, రూఫింగ్ చేసేవాళ్లది సీ-39.

ఇక 'బీ-2' అనేది ఇళ్ల రీమోడలింగ్ కోసమే తెచ్చిన కొత్త క్లాస్. ఇంటి బరువు మోసే గోడలను తీసేయడం, మార్చడం లాంటి పనులు వీళ్లు చేయకూడదు. కిచెన్‌కు, హాల్‌కు మధ్య గోడ పడగొట్టి ఒకటి చేయాలనుకునేవాళ్లు ఈ తేడా తప్పకుండా చూసుకోవాలి.

ఐదు నిమిషాల్లో చెక్ చేయొచ్చు

కాంట్రాక్టర్ నుంచి లైసెన్స్ నంబర్ తీసుకుని సీఎస్‌ఎల్‌బీ వెబ్‌సైట్‌లో కొడితే వివరాలన్నీ వస్తాయి. ఇందుకు ఫీజు ఏమీ లేదు. అక్కడ చూడాల్సినవి ఇవి..

* లైసెన్స్ యాక్టివ్‌గా ఉందా? సస్పెండ్ అయిందా? గడువు తీరిపోయిందా?
* నంబర్ ఎవరి పేరు మీద ఉంది? వేరేవాళ్ల నంబర్ వాడుకునేవాళ్లూ ఉంటారు. అందుకే లైసెన్స్ కార్డు, ఫొటో ఐడీ రెండూ అడిగి చూడాలి.
* ఏ క్లాస్? చేయించే పనికి అది సరిపోతుందా?
* పనివాళ్లకు ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చే వర్కర్స్ కంపెన్సేషన్ ఇన్సూరెన్స్ ఉందా?

చివరిది చాలామంది వదిలేస్తుంటారు. ఆ కాలమ్‌లో 'ఎగ్జెంప్ట్' అని ఉంటే, తన దగ్గర ఉద్యోగులు ఎవరూ లేరని కాంట్రాక్టర్ బోర్డుకు రాసిచ్చాడని అర్థం. తీరా పని మొదలయ్యాక నలుగురు మనుషులతో వ్యాన్ దిగితే, వాళ్లు ఎవరు, ఎవరి ఇన్సూరెన్స్ కింద ఉన్నారు అని అడగాల్సిందే. ఇన్సూరెన్స్ లేని మనిషి పైకప్పు మీద నుంచి జారి పడితే ఆ ఖర్చు ఇంటి యజమాని మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

బాండ్ విషయంలోనూ ఒక అపోహ ఉంది. ఆ 25,000 డాలర్లు ఒక్కో ఇంటికి కాదు. ఆ కాంట్రాక్టర్ వల్ల నష్టపోయిన అందరూ అందులోంచే పంచుకోవాలి. ఇంటికి నష్టం జరిగితే ఆదుకునే జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్స్‌ను చాలామంది కాంట్రాక్టర్లకు బోర్డు తప్పనిసరి చేయలేదు. కాబట్టి అది ఉందో లేదో విడిగా అడిగి, సర్టిఫికెట్ నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచే తెప్పించుకోవడం మేలు.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి?

'మెటీరియల్ కొనాలి, సగం ముందే ఇవ్వండి' అని అడిగితే అక్కడే ఆగిపోవాలి. రీమోడలింగ్ ఒప్పందాల్లో అడ్వాన్స్ మొత్తం విలువలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది మాత్రమే తీసుకోవాలని చట్టం చెబుతోంది. అంటే 80,000 డాలర్ల కిచెన్ పనికైనా అడ్వాన్స్ 1,000 డాలర్లే. బోర్డు దగ్గర ప్రత్యేక బాండ్లు పెట్టిన కొద్దిమందికే దీని నుంచి మినహాయింపు ఉంది. ఆ తర్వాత ఇచ్చే డబ్బు కూడా అప్పటివరకు జరిగిన పనిని దాటి ఉండకూడదు.

ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఇంటికి వచ్చి సంతకం పెట్టించుకున్న ఒప్పందాన్ని సాధారణంగా మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. యజమాని వయసు 65 ఏళ్లు, ఆపైన ఉంటే ఐదు పనిదినాల గడువు ఉంటుంది.

అసలు సమస్య ఇదే.. మెకానిక్స్ లీన్

ఉదాహరణకు 80,000 డాలర్ల పని పూర్తయింది, యజమాని మొత్తం కట్టేశారు అనుకుందాం. కానీ కబోర్డులు సప్లై చేసిన షాపుకు కాంట్రాక్టర్ 18,000 డాలర్లు ఇవ్వలేదు. అప్పుడు ఆ షాపువాళ్లు నేరుగా ఇంటి మీద క్లెయిమ్ నమోదు చేయించొచ్చు. దీన్నే మెకానిక్స్ లీన్ అంటారు. అది ఉండగా ఇల్లు అమ్మడం, రీఫైనాన్స్ చేయడం కష్టం. విషయం కోర్టుకెళ్తే ఇంటిని అమ్మించి బాకీ రాబట్టే హక్కు కూడా వాళ్లకు ఉంటుంది. యజమాని ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టే పరిస్థితి ఇలాగే వస్తుంది.

దీనికి ముందస్తు హెచ్చరిక ఒకటి ఉంది. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు, మెటీరియల్ ఇచ్చేవాళ్లు మొదలుపెట్టిన 20 రోజుల్లోపు యజమానికి 'ప్రిలిమినరీ నోటీస్' పంపాలి. పోస్టులో అది రాగానే కొందరు కంగారు పడతారు, కొందరు చెత్తబుట్టలో పడేస్తారు. రెండూ తప్పే. అది బిల్లు కాదు, బెదిరింపు కాదు. 'ఈ ఇంటి పనిలో మేమూ ఉన్నాం' అని చెప్పే కాగితం మాత్రమే. వచ్చిన ప్రతి నోటీసునూ దాచిపెట్టి పేర్ల లిస్టు రాసుకోవాలి.

కాంట్రాక్టర్‌కు డబ్బు ఇచ్చే ప్రతిసారీ ఆ లిస్టులో ఉన్నవాళ్ల నుంచి 'వెయివర్ అండ్ రిలీజ్' ఫారాలు తెప్పించమని అడగాలి. చెక్కు ఇచ్చే ముందు షరతులతో కూడిన ఫారం, అది క్లియర్ అయ్యాక షరతులు లేని ఫారం తీసుకోవాలి. ఈ ఫారాల నమూనాలు చట్టంలోనే ఉన్నాయి. అనుమానం ఉంటే కాంట్రాక్టర్, సప్లయర్ ఇద్దరి పేరు మీద కలిపి చెక్కు రాసే పద్ధతి కూడా ఉంది. ఇద్దరూ సంతకం పెడితేనే ఆ డబ్బు చేతికి వస్తుంది.

పని అయిపోయిన 15 రోజుల్లోపు కౌంటీ ఆఫీసులో 'నోటీస్ ఆఫ్ కంప్లీషన్' నమోదు చేయించడం మరో జాగ్రత్త. అలా చేస్తే కింద పనిచేసినవాళ్లు లీన్ వేసే గడువు 90 రోజుల నుంచి 30 రోజులకు తగ్గుతుంది.

లైసెన్స్ లేనివాళ్లతో చేయిస్తే?

రేటు తక్కువ కాబట్టి చాలామంది అటు మొగ్గుతారు. లైసెన్స్ అవసరమైన పనిని అది లేకుండా చేసిన వ్యక్తి డబ్బు కోసం కోర్టుకెళ్లలేడు. పైగా యజమాని తాను కట్టిన డబ్బంతా తిరిగి ఇప్పించమని దావా వేయొచ్చు. అయితే కోర్టులో గెలిచినా, ఆ మనిషి దొరకాలి, అతని దగ్గర డబ్బూ ఉండాలి. బాండ్ లేని మనిషి దగ్గర తిరిగి రాబట్టడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

'పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి, త్వరగా అయిపోతుంది' అనే మాట కూడా నమ్మొద్దు. అలా తీసుకుంటే యజమానే బిల్డర్ అయినట్టు లెక్క. పనిలో లోపాలు, పనివాళ్ల ప్రమాదాలు.. బాధ్యత అంతా వాళ్ల మీదే పడుతుంది.

టెక్సాస్‌లో లెక్క వేరు

ఇవన్నీ కాలిఫోర్నియా నిబంధనలు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతంలో పరిస్థితి వేరు. టెక్సాస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కు రాష్ట్ర స్థాయి లైసెన్సే లేదు. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఏసీ పనివాళ్లకు మాత్రం రాష్ట్ర లైసెన్స్ ఉండాలి. కాబట్టి అక్కడ ఎవరైనా 'నాకు టెక్సాస్ జనరల్ కాంట్రాక్టర్ లైసెన్స్ ఉంది' అంటే ఆ మాటే అనుమానించాలి. సిటీ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, పాత కస్టమర్ల ఇళ్లు.. ఇవే అక్కడ చెక్ చేయాల్సినవి. లీన్ సమస్య అక్కడా ఉంది, గడువులే వేరు.

ఏ రాష్ట్రమైనా ఒక్క విషయం మాత్రం మారదు. ఆఖరి చెక్కు ఇచ్చేదాకానే యజమాని మాటకు బలం. సిటీ ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాస్ అయి, రిలీజ్ ఫారాలన్నీ చేతికి వచ్చాకే దాని మీద సంతకం పెట్టాలి.