చెలగాటమే పిల్లికి ప్రాణసంకటం!
క్రిస్మస్ చెట్టు దగ్గర జాగ్రత్త

క్రిస్మస్ వస్తోందంటే కోస్తా పల్లెల్లో చాలా క్రైస్తవుల ఇళ్లలో సరుగుడు కొమ్మ తెచ్చి ఇసుక బకెట్లో నిలబెడతారు. జిగినీ దండలు, రంగు బంతులు, సీరియల్ లైట్లు కడతారు. పిల్లలకు సంబరమే. ఇంట్లో పిల్లికీ సంబరమే! ఊగే జిగినీ దండ దానికి ఎలుక తోకలా కనిపిస్తుంది. ఎగిరి అందుకుంటుంది, నమిలి మింగుతుంది.

ప్రమాదమంతా అక్కడే ఉంది. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు వాలి ఉంటాయి. నోట పడిన పోగు లోపలికే పోతుంది. పేగుల్లో చిక్కుకుంటే తరచు ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. పిల్లి వాంతులు చేసుకుంటూ తిండి మానేస్తే వెంటనే పశువైద్యునికి చూపించాలి. నోట్లోంచి గాని, వెనుక నుంచి గాని పోగు వేలాడుతుంటే లాగరాదు. లాగితే పేగు కోసుకుపోవచ్చు.

ముందు జాగ్రత్తకు పెద్ద ఖర్చు లేదు. చెట్టును కిటికీ ఊచకు కట్టాలి. పక్కన బల్ల, కుర్చీ ఉంచరాదు. జిగినీకి బదులు కాగితం నక్షత్రాలు చాలు. గాజు బంతులు పై కొమ్మలకే కట్టాలి. వైరు కొరికితే షాక్ కొడుతుంది కనుక పడుకునే ముందు ప్లగ్ తీసేయాలి. బకెట్ చుట్టూ బత్తాయి, నిమ్మ తొక్కలు వేస్తే ఆ వాసనకు చాలా పిల్లులు దగ్గరకు రావు.

ఈపాటి జాగ్రత్త తీసుకుంటే పండుగ పూట పిల్లి క్షేమం, పిల్లల కంట నీరు రాదు.