రబ్బరును కొరికే జింకు పళ్ళు

నాచారం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "డాబా మీద నీళ్ళ ట్యాంకుకు పైపు బిగించినచోట రబ్బరు వాషర్‌ను ఎర్రచీమలు కొరికేస్తున్నాయి. మార్చినా అదే వరస. చీమలు రబ్బరు తింటాయా?"

తినవు. రబ్బరు వాటికి ఆహారం కాదు. ట్యాంక్ నిపుల్ కాస్త వదులైతే వాషర్ అంచున చెమ్మ ఊరుతుంది. మే నెల ఎండలో డాబా మీద చీమకు దొరికే నీళ్ళు అవే. దారికి అడ్డొచ్చిన రబ్బరును కొరికి పక్కన పడేస్తుంది. హవాయి చెరకు తోటల్లో డ్రిప్ పైపులను పాడుచేసినవాటిలో సొలెనాప్సిస్ జెమినాటా ఉంది. మన దగ్గర విరివిగా కనిపించే కుట్టే ఎర్రచీమ అదే.

ప్లంబర్లు మాత్రం నేరం ఎలుక మీదో, ఎండ మీదో వేస్తారు. పాత వాషర్‌ను భూతద్దం కింద పెట్టి చూడండి. ఎలుక పంటిగాట్లు వెడల్పుగా, జంటగా ఉంటాయి. ఎండకు పాడైన రబ్బరు పగుళ్ళు బారుతుంది. చీమ పని అయితే అంచు చిన్నచిన్న గాట్లతో గరుకుగా ఉంటుంది, కింద రబ్బరు పొడి రాలి ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న: వెంట్రుక కంటే సన్నని పళ్ళతో రబ్బరు ఎలా తెగుతుంది?

ఆకులు నమిలే పురుగుల దవడ అంచుల్లో జింకు, మాంగనీసు ఉన్నాయని 1982లోనే హిల్లర్టన్, విన్సెంట్ చూపించారు. చాలా జాతుల చీమల పళ్ళలోనూ జింకు ఉంది. ఆకులు కోసే చీమల్లో అయితే, ప్యూపా నుంచి బయటికొచ్చాక పంట్లో జింకు పెరిగేకొద్దీ పన్ను దాదాపు మూడింతలు గట్టిపడుతుందని 2002లో రాబర్ట్ స్కోఫీల్డ్ బృందం కొలిచి చెప్పింది.

లోహం ఉందంటే మన పళ్ళలోలాగా ఖనిజ స్ఫటికాలు ఉండాలని ఎవరైనా ఊహిస్తారు. సహజమైన ఊహే, కానీ తప్పు. స్కోఫీల్డ్, అరుణ్ దేవరాజ్ తదితరులు చీమ పన్ను నుంచి అతి సూక్ష్మమైన సూది చెక్కి, దాని కొసనుంచి పరమాణువులను ఒక్కొక్కటిగా ఎగరగొట్టి, ఏది ఎక్కడ ఉందో పటం గీశారు. 2021లో ఆ ఫలితం అచ్చయింది. స్ఫటికాల జాడే లేదు. జింకు పరమాణువులు ప్రొటీన్ల మధ్య సమంగా పరుచుకుని ఉన్నాయి.

ఈ సమంగా ఉండటంలోనే కిటుకంతా ఉంది. పెద్ద కంకర కలిపిన కాంక్రీటుతో కత్తి అంచు తీయగలమా? రాయి ఊడినచోటల్లా అంచు మొద్దుబారుతుంది. స్ఫటికాలున్న పదార్థానికీ అదే ఇబ్బంది. చీమ పంట్లో ఊడిపోవడానికి గడ్డలే లేవు కాబట్టి అంచు ఎంత సన్నగానైనా సాగుతుంది. పదునుంటే బలం తక్కువ చాలు. మన పళ్ళలాంటి పదార్థంతో కొరకడానికి పట్టే బలంలో 60 శాతమో, అంతకంటే తక్కువో సరిపోతుందని వాళ్ళ అంచనా. చిన్న తలలో పట్టే కండ ఎంత? ఈ ఆదాయే దానికి ప్రాణాధారం.

పదును పోతే? అదీ లెక్కగట్టారు. పళ్ళరిగిన ఆకుకోత చీమ సగం వేగంతోనే కోస్తుంది. కోత మానేసి మోతకు మారుతుంది. చీమలకూ వయసును బట్టి డ్యూటీ మారుతుందన్నమాట!

ఇంకో తమాషా: గంధకంతో రబ్బరును గట్టిపరిచేటప్పుడు ఆ చర్య చురుగ్గా సాగడానికి జింక్ ఆక్సైడ్ కలుపుతారు. పంట్లోనూ జింకే, వాషర్‌లోనూ జింకే! అంతమాత్రాన చీమలు జింకు కోసమే రబ్బరు కొరుకుతున్నాయని తేల్చేయకండి.

ఉపాయం చెప్పకపోతే పాఠకుడు ఊరుకోరు. ముందు ఆ ఊట ఆపండి. చెమ్మ లేకపోతే చీమకు అక్కడ పనిలేదు. వాషర్ అంచు బయటికి పొడుచుకు రాకుండా సరైన సైజు వేసి బిగించండి. పన్ను పట్టేది అంచునే. గ్రీజు మాత్రం పూయొద్దు. దాంట్లోని నూనెకు చాలా రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. తాగే నీళ్ళ దగ్గర చీమల మందు అసలే వద్దు. గట్టి రబ్బరు వాషర్ వేస్తే ఇంకా మేలు, కానీ ఏది గట్టిదో తెలిసేదెలా? రబ్బరు గట్టిదనానికి షోర్ అనే కొలత ఉంది. దుకాణంలో అడిగితే మాత్రం "అరంగుళమా, ముప్పావా?" అంటారు తప్ప ఆ అంకె చెప్పేవాళ్ళు లేరు. ప్యాకెట్ మీద అచ్చేస్తే పోయేదేముంది?