మొక్కజొన్న రొట్టెలో కొరియా ఊరగాయ

చదువు కొరకో ఉద్యోగం కొరకో అమెరికా వెళ్లిన పిల్లలు ఫోనులో "ఈ పూట టాకోలు తిన్నాము" అని చెప్పినప్పుడు అదేమి తిండో అని ఇక్కడి తల్లులు అనుకుంటూ ఉంటారు. టాకో మెక్సికో దేశస్థుల భోజనం. అరచేతి వెడల్పున పలుచని మొక్కజొన్న రొట్టె కాల్చి, నడుమ కూర పెట్టి, ఉల్లిపాయ, కొత్తిమీర చల్లి, నిమ్మరసం పిండి, మడిచి చేతితో తింటారు. ఆ రొట్టె పేరు తోర్తియా. అందులో కొరియా కూర, కొరియా ఊరగాయ పెట్టి తినే పద్ధతి ఇప్పుడు చాలా దేశాలకు ప్రాకింది. దానిని మాంసం లేకుండా ఎట్లు వండాలో ఇక్కడ వ్రాస్తున్నాము. ముందుగా అది పుట్టిన చోటు గురించి కొంచెం చెప్పాలి.

లాస్ ఏంజెలెస్ నగరంలో కొరియాటౌన్ అనే పేట ఉన్నది. పేరు కొరియావారిదే గాని, అక్కడి నివాసులలో సుమారు సగం మంది మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుండి బ్రతుకుతెరువుకు వచ్చిన కుటుంబాలవారు. అంగడి కొరియావారిది, అందులో మూటలు మోసేవాడు, కూరలు తరిగేవాడు మెక్సికోవాడు. 1992 ఏప్రిల్ 29న, ఒక నల్లజాతి వాహనదారుని కొట్టిన పోలీసులను కోర్టు విడిచిపెట్టగా నగరంలో అల్లర్లు చెలరేగాయి. అరవై మందికి పైగా మరణించారు. కొరియావారి అంగళ్లు రెండు వేలకు పైగా దోపిడీకో మంటలకో గురి అయ్యాయి. ఒకే వీధిలో ఉండి ఒకరినొకరు ఎరుగక బ్రతికిన జనులు వారు.

పదహారు సంవత్సరాల తరువాత, 2008 నవంబరులో, అదే నగరంలో 'కోగి' అనే తిండి బండి బయలుదేరింది. మార్క్ మంగేరా అనే యువకునికి ఆ ఆలోచన తట్టగా, సియోల్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన రాయ్ చోయ్ అనే వంటవాడు వండిపెట్టాడు. కొరియా పద్ధతిలో మసాలా పట్టించి కాల్చిన మాంసాన్ని తోర్తియాలో పెట్టి అమ్మారు. రాత్రి పూట వీధి ప్రక్కన బారులు తీరి జనం నిలబడేవారు. ఒక రొట్టె ఆ పాత గాయాన్ని మాన్పివేసిందని మేము అనము. అట్లు అనడం బహు తేలిక. కాని యజమాని ఇంటి రుచి, కూలివాని ఇంటి రుచి ఒకే రొట్టెలోనికి వచ్చాయి గదా, అది మాకు చిన్న సంగతిగా తోచదు.

ఆ రెండు రుచులు అంత బాగా కలియడానికి ఒక కారణం మిరపకాయ. దాని పుట్టినిల్లు మెక్సికో ప్రాంతం. పోర్చుగీసువారి ఓడలు దానిని తూర్పు దేశాలకు తెచ్చాయి. మన దేశానికి 16వ శతాబ్దంలో చేరింది, కొరియాకు ఆ శతాబ్దం చివరి నాటికి చేరిందని చెప్తారు. అంతకు ముందు గుంటూరులోనూ కారమంటే మిరియాలే!

కోగి అనగా కొరియా భాషలో మాంసం. మరి మాంసం మానితే శాకాహారం అయిపోతుందా? కాదు, ఇక్కడే జాగ్రత్త కావాలి. కిమ్చి అనే కొరియా ఊరగాయ చూడడానికి క్యాబేజీయే. కాని అందులో సాధారణంగా ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలో, చేపల రసమో కలుపుతారు. మెక్సికోవారు చిక్కుడు గింజలను పంది కొవ్వులో వేయించడం మామూలే. గోధుమ తోర్తియాలో కూడా ఆ కొవ్వు పడుతుంది. మొక్కజొన్న తోర్తియాలో అది ఉండదు. "ఇందులో నీచు లేదు, తినండి" అని శాకాహారియైన పొరుగువారికి పెట్టేటప్పుడు సీసా మీది చీటీ చదవకుండా పెట్టరాదు. ఆ ఒక్క రొయ్య వారి మనస్సులో ఎంత కాలం నిలిచిపోతుందో ఊళ్లలో ఉండే మనకు తెలుసు. కొరియా బౌద్ధ మఠాలలో చేపలు లేని కిమ్చి ఎప్పటినుండో ఉన్నది గనుక, ఇంట్లో చేసుకొంటే లోటేమీ రాదు.

కిలో క్యాబేజీని పెద్ద ముక్కలుగా కోసి, గుప్పెడు గల్లుప్పు పట్టించి రెండు గంటలు ఉంచండి. ముక్క వంచితే విరగకుండా వంగాలి. రెండు మూడు సార్లు కడిగి నీరు వాడ్చండి. చెంచా బియ్యప్పిండిని గ్లాసు నీళ్లలో జావగా కాచి చల్లార్చి, అందులో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం నూరి కలపండి. రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న మిరపపొడి నాలుగు చెంచాలు, సోయా సాస్ రెండు చెంచాలు వేసి ముక్కలకు పట్టించి, జాడీలో అదిమి మూత వదులుగా పెట్టండి. మన ఎండలకు ఒక దినం చాలు, పులుపు వాసన వస్తుంది. తరువాత ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇందులో నూనె లేదు గనుక ఆవకాయవలె బయట నిలువ ఉండదు.

రొట్టె సంగతి ఇంకా విచిత్రం. మెక్సికోవారు మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. కిలో గింజలకు సుమారు 10 గ్రాముల సున్నం. వక్కాకులో వాడే తినే సున్నమే గాని గోడల సున్నం ముట్టరాదు. సున్నం వలన పిండి జిగురు పట్టి పలుచగా సాగుతుంది. అంతేకాదు, గింజలో చిక్కుకొని ఉన్న ఒక విటమిన్ మన ఒంటికి అందుతుంది. మొక్కజొన్నను తీసుకొని ఈ సున్నపు పద్ధతిని విడిచిన ఇటలీలోనూ, అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ, పేదలు పెల్లాగ్రా రోగంతో చర్మం చిట్లి బాధపడ్డారు. తెలంగాణలో మక్క రొట్టె చేసే తల్లులకు పిండి విరిగిపోయే బాధ బాగా తెలుసు, ఒకసారి ఇట్లు చేసి చూడవచ్చు. నీళ్లు తక్కువ పోసి గట్టిగా రుబ్బాలి, లేకపోతే దోసె పిండి అవుతుంది.

లోపలికి పుట్టగొడుగులు మిక్కిలి బాగుంటాయి. దొరకకపోతే మీల్ మేకర్ వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి వాడండి. ఇనుప పెనం మీద ఎర్రగా వేయించి, గోచుజాంగ్ అనే కొరియా కారపు ముద్ద రెండు చెంచాలు, సోయా సాస్ ఒక చెంచా, కొంచెం బెల్లం, వెల్లుల్లి వేసి ముద్ద అంటుకొనేదాకా కలపండి. గోచుజాంగ్ పట్నాలలో పెద్ద దుకాణాలలో దొరుకుతుంది. అది లేనిచోట మిరపపొడి, బెల్లం, సోయా సాస్‌తో సరిపెట్టుకోవచ్చు, అయితే ఆ పులిసిన రుచి రాదు. కొరియావారు వేయించిన నువ్వుల నూనె వాడుతారు, మన గానుగ నూనెకు ఆ వాసన ఉండదు. దించే ముందు వేయించిన నువ్వులు నలిపి చల్లితే సరిపోతుంది.

కిమ్చిని పిండి, సన్నగా తరిగి పైన పెట్టండి. రసం కారితే రొట్టె మెత్తబడి చేతిలో చిరుగుతుంది. చల్లారినా విరుగుతుంది. అందుచేత అందరినీ ముందు కూర్చోబెట్టి, పెనం మీది నుండి ఒక్కొక్కటిగా చేతిలోనికే వడ్డించాలి.