పొట్ట గల పొగగొట్టము

మదనపల్లె నుండి ఒక విద్యార్థి వ్రాసిన ఉత్తరము నెల దినములుగా నా బల్లపై ఉన్నది. రేడియో సంకేతములతో నడుపు నమూనా విమానములను ఎగురవేయు మైదానమునకు సెలవులలో పోయిన ఆ బాలుడు, పందెపు విమానము నొకదానిని దగ్గరగా చూచి, రెక్కలను గూర్చి గాని రేడియోను గూర్చి గాని అడుగక, ఎవరికిని పట్టని ఒక వస్తువును గూర్చి అడిగినాడు. ఇంజను పిడికిలిలో ఇముడునంతటిదే. దానికి తగిలించిన పొగగొట్టము మాత్రము జానెడున్నర పొడవున, మొదట సన్నముగా, నడుమ లావుగా, చివర మరల సన్నముగా, కప్పను మ్రింగి పడియున్న పామువలె ఉన్నదట. పొగను బయటికి పంపవలసిన గొట్టమునకు తుదిని మూతి బిగించుట ఏల, అది పొగకు అడ్డు కాదా అని అతని ప్రశ్న. ఈ ప్రశ్న చదివిన నాటి నుండి నాకు వేరొక విషయముపై కలము సాగుట లేదు.

మొదటి సంగతులు త్వరగా ముగింతము. తీగ లేకుండ యంత్రమును దూరము నుండి నడుపవచ్చునని నికోలా టెస్లా 1898లో న్యూయార్కున ఒక చిన్న పడవతో చూపెను. అమెరికాలోని కలమజూ పట్టణమున వాల్టర్, విలియం గుడ్ అను కవల సోదరులు 1937లో ‘గఫ్’ అను నమూనా విమానమును రేడియోతో ఎగురవేసిరి. నేడు చేతిలోని పెట్టె నుండి 2.4 గిగాహెర్ట్జ్ తరంగములపై ఆజ్ఞలు పోవును. విమానములోని సర్వో అను చిన్న మోటార్లు రెక్క పలకలను, తోక పలకలను త్రిప్పును. ఎఫ్‌.ఏ.ఐ. అను అంతర్జాతీయ విమాన క్రీడా సమాఖ్య నియమముల ప్రకారము జరుగు స్తంభముల పందెములో మూడు స్తంభముల చుట్టును పది చుట్లు, అనగా నాలుగు కిలోమీటర్లు, తిరిగి రావలెను. ఉత్తమ శ్రేణి పోటీదారులు దీనిని నిమిషములోపల ముగింతురు. అనగా గంటకు 240 కిలోమీటర్లకు పైబడిన సగటు వేగము, అదియు మలుపులను లెక్కింపక. ఇంతటి వేగమును 6.6 ఘన సెంటీమీటర్ల ఇంజను, అనగా మన వంటింటి చిన్న చెంచాకు కొంచెము మించిన కొలత గల సిలిండరు, ఇచ్చుచున్నది. ఆ శక్తి యొక్క రహస్యము ఆ పొగగొట్టపు పొట్టలోనే ఉన్నది.

ఈ ఇంజనులు టూ స్ట్రోకు జాతివి. వీనిలో కవాటములు లేవు. పిస్టను తానే పైకి క్రిందికి పోవుచు సిలిండరు గోడలోని ద్వారములను మూయుచు తెరచుచు ఉండును. పేలిన వాయువు పిస్టనును క్రిందికి త్రోయగా మొదట పొగద్వారము తెరచుకొనును. పిమ్మట క్రాంక్ కేసులో వేచియున్న క్రొత్త ఇంధన మిశ్రమము లోనికి వచ్చు ద్వారము తెరచుకొనును. పిస్టను మరల పైకి వచ్చునప్పుడు ఈ క్రమము తలక్రిందులగును; లోనికి వచ్చు ద్వారము ముందు మూసికొనును, పొగద్వారము ఆఖరున మూసికొనును. ఈ కడపటి క్షణములోనే ఆ జాతి ఇంజనుల పురాతన దోషము దాగియున్నది. లోనికి వచ్చిన క్రొత్త మిశ్రమములో కొంత, కాలక ముందే, ఇంకను తెరచియున్న పొగద్వారము గుండ వీధిలో పడును. ముందు తలుపు నుండి వచ్చిన చుట్టము పెరటి తలుపు గుండ వెడలిపోయినట్లు.

ఇప్పుడు పొగగొట్టము కడకు వత్తము. పొగద్వారము తెరచుకొన్న క్షణమున టప్పుమని ఒక పీడన తరంగము గొట్టములోనికి దూకును. మనము చెవులు మూసికొను ఆ చప్పుడే ఆ తరంగము. అది వాయువుతో కలసి పోవునది కాదు. వాయువు కంటె ఎంతో ముందుగా, ఆ వేడిలో సెకనుకు 500 మీటర్లకు మించి, శబ్దవేగమున పరుగిడును. గొట్టము క్రమముగా వెడల్పగుచున్న చోటికి, అనగా వికసించు శంఖువునకు, చేరినప్పుడు ఒక వింత జరుగును. తిరుమలలో కంపార్టుమెంటు గేటు తెరచినప్పుడు చూచినవారికి దీని మర్మము వెంటనే బోధపడును. ముందున్నవారు విశాలమైన చోటికి పడగానే చెదరి ముందుకు సాగుదురు; వారి వెనుక ఖాళీ ఏర్పడును; ఆ ఖాళీలోనికి తరువాతివారు జరుగగా వారి వెనుక మరియొక ఖాళీ. మనుష్యులందరును ముందుకే పోవుచున్నారు, కాని ఖాళీ మాత్రము వెనుకకు నడచి క్యూ తుది వరకు పోవుచున్నది. గొట్టములో కూడ ఇట్లే విరళీకరణ తరంగము వెనుకకు తిరిగి ఇంజనును చేరి, సిలిండరులో మిగిలిన పొగను పీల్చివేయును. అంతటితో ఆగక క్రాంక్ కేసులోని క్రొత్త మిశ్రమమును కూడ లోనికి లాగును. అందులో కొంత పొగద్వారము దాటి గొట్టములోనికి చిందును. అట్లు చిందుటయే మేలు.

ఏలయన, అసలు తరంగము ఇంకను ముందుకు పోవుచునే ఉన్నది. అది పొట్టను దాటి ముకుళించు శంఖువును తాకినది. ఇరుకు వాకిటి యొద్ద గుంపు నొక్కుకొన్నప్పుడు ఆ త్రోపిడి వెనుకకు ప్రాకినట్లు, ఇచట సంపీడన తరంగము వెనుకకు మరలి, పొగద్వారము మూసికొనుటకు రెప్పపాటు ముందు అచటికి చేరి, గొట్టములోనికి చిందిన మిశ్రమమును మరల సిలిండరులోనికి త్రోయును. అంతలో పిస్టను తలుపు వేయును. చిన్న సిలిండరు తన కొలతకు మించిన ఆహారముతో నిండినది. అదనపు పంపు లేదు, కదలెడి భాగము లేదు. వ్యర్థముగా పోవు చప్పుడునే పట్టి కూలికి నియమించిన ఈ రేకు గొట్టము కంటె సుందరమైన యంత్రభాగమును నేను చూచి యుండలేదు.

కాలము సరిపడవలెను సుమా. నిమిషమునకు 30,000 చుట్లు తిరుగు ఇంజను ఒక చుట్టును సెకనులో 500వ వంతులో ముగించును. అందులో ఇంచుమించు సగము సేపు, అనగా సెకనులో వెయ్యవ వంతు, పొగద్వారము తెరచియుండును. సెకనుకు 520 మీటర్లు పోవు తరంగము ఆ వ్యవధిలో 52 సెంటీమీటర్లు పోవును. రాకపోకలు కలవు గనుక పిస్టను నుండి ముకుళించు శంఖువు నడిమికి 26 సెంటీమీటర్లు. నీవు చూచిన జానెడున్నర గొట్టము ఈ లెక్క నుండి పుట్టినదే, నాయనా.

ఒక మిత్రుని పెరటిలో ఈ సత్యమును నేను చెవులార విన్నాను. బల్లకు బిగించిన ఇంజనుకును గొట్టమునకును నడుమ సిలికాను తొడుగు. దానిని వదులు చేసి గొట్టమును మూడు మిల్లీమీటర్లు లోనికి నెట్టి మరల నడిపినాడు. అంతవరకు బొంగురుగా మ్రోగుచున్న ఇంజను ఒక్కసారిగా గొంతు హెచ్చించి కీచుమని పాడినది. పెరడెల్ల ఆముదపు వాసన. అవును, మన ఆముదమే. ఈ పందెముల ఇంధనమున నూటికి 80 పాళ్లు మెథనాలు, 20 పాళ్లు ఆముదము గాని దానికి బదులుగా వాడు కృత్రిమ తైలము గాని ఉండును. మెథనాలులో ఖనిజ తైలము కరగదు, ఆముదము కరగును. వేడికి దాని పొర తేలికగా తెగదు. పాలమూరు చేలలో పండు గింజకు ఇట్టి గౌరవము కలదని మనవారు చాలమంది ఎరుగరు.

ఈ గొట్టమును గూర్చి పొరబడినవారు పెద్దలే. పొగకు దారి ఎంత సులువైన అంత మేలని చిరకాలము నమ్మిరి. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు జర్మనీలో డి.కె.డబ్ల్యు. సంస్థవారు పందెపు మోటారు సైకిళ్లకు మిశ్రమమును లోనికి నెట్టుటకు ప్రత్యేకముగా మరియొక పిస్టను పంపును అమర్చిరి. బలము వచ్చినది, ఇంధనపు దప్పిక మితిమీరినది. తరువాత పందెములలో అట్టి పంపులు నిషిద్ధములైనవి. అప్పుడు తూర్పు జర్మనీలోని చోపావ్ పట్టణమున, ఎం.జెడ్. కర్మాగారములో, వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు గొట్టములోని తరంగములను చూచి, కొలిచి, మలచినాడు. 1961 నాటికి ఆయన 125 సి.సి. ఇంజను 25 అశ్వశక్తి, అనగా లీటరుకు 200, ఇచ్చినది. కాడెన్ వి-2 రాకెట్లపై పని చేసెనని ఒక కథ ప్రచారములో ఉన్నది, అది పొరపాటు. యుద్ధకాలమున ఆయన పని చేసినది హెచ్.ఎస్. 293 అను, రేడియోతో దారి మళ్ళించు రెక్కల బాంబుపై. రేడియో విమానమునకును ఈ గొట్టమునకును ఒకే మనిషి జీవితములో చుట్టరికము కలుగుట నాకు మిక్కిలి ఆశ్చర్యమును కలిగించు విషయము. ఆ 1961లోనే ఆయన రౌతు ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడను పందెము వేళ తూర్పు జర్మనీని విడిచి సుజుకీ సంస్థలో చేరెను. ఆ విద్య ఆతనితో జపాను చేరినది. మరుసటి ఏడే 50 సి.సి. ప్రపంచ విజేతృత్వము ఆ సంస్థదైనది.

మన ఊళ్లలో యమహా ఆర్.ఎక్స్. 100 సైలెన్సరును కోయించి, చప్పుడు పెరిగినది గనుక బలము పెరిగినదని మురిసిన యువకులు కూడ, పొగకు దారి సులువైన మేలను ఆ పాత పొరపాటునే చేసిరి. ఆ రేకు కడుపులోని శంఖువులను పాడుచేసిన చప్పుడు మిగులును, తరంగము చేయవలసిన పని పోవును.

ఈ గొట్టము తన లెక్కకు సరిపడు ఒక్క వేగముననే చక్కగా పని చేయును; పందెములో ఇదియే ప్రాణసంకటము. మైదానమున నిలిచియున్నప్పుడు పంకా బరువునకు ఇంజను తగిన వేగమునకు చేరదు. విమానము గాలిలో వేగము పుంజుకొన్న పిమ్మటనే అది గొట్టమును అందుకొనును. స్తంభము వద్ద మలుపును మరీ బిగువుగా త్రిప్పిన వేగము తగ్గి, తరంగము ద్వారము మూయక చాల ముందే వచ్చి, బలము జారును. ఇంధనము పలుచనైన గొట్టము వేడెక్కి తరంగము త్వరపడును, చిక్కనైన చల్లబడి ఆలసించును. ఇప్పుడు బ్యాటరీ విమానములకు వేరు తరగతులు వచ్చినవి. అవి వేగముగలవే, శుభ్రమైనవే, కాని వానిలో ఈ సంగీతము లేదని నా బాధ. రోడ్డుపై టూ స్ట్రోకు బండ్లు తగ్గుట మాత్రము న్యాయమే. ఒక్క వేగమున తప్ప తక్కిన వేళలందు ఈ గొట్టము కూడ కాలని ఇంధనమును పూర్తిగా ఆపలేదు.

లేఖ చివర ఆ బాలుడు, తాను కట్టుచున్న బాల్సా శిక్షణ విమానమునకు ఇట్టి గొట్టమును తగిలింపవచ్చునా అని అడిగినాడు. వలదు. దాని ఇంజను 12,000 చుట్లకు మించి తిరుగదు. ఆ లెక్కకు శంఖువు 65 సెంటీమీటర్ల దూరమున ఉండవలెను, అనగా విమానపు ఒడలిలో సగము. పెట్టెలో ఇంజనుతో వచ్చిన మామూలు మఫ్లరును మరలతో గట్టిగా బిగించి, ప్రతి ఎగురవేతకు ముందు ఆ మరలను మరల తడిమి చూచుకొనుము; కంపనమునకు మొదట వదులగునవి అవియే.