కణంలో పెళ్ళిళ్ళ పేరయ్య

పెళ్ళిళ్ళ పేరయ్యకు సొంత ఆస్తి అక్కరలేదు. ఇరువైపులా పరిచయముంటే చాలు. మన జీవకణాలలో గ్రబ్2 అనే చిన్న ప్రోటీను అటువంటిదే. తానుగా ఏ రసాయనిక చర్యనూ జరపదు. దానికున్నవల్లా డొమైన్లనబడే మూడు మడతలు: నడుమ ఎస్‌హెచ్2, ఇరుపక్కలా ఎస్‌హెచ్3లు.

పెరగమన్న కబురు కణం పైనున్న గ్రాహకానికి అందగానే, దాని లోపలి తోకలోని టైరోసిన్‌కు ఫాస్ఫేటు అంటుకొంటుంది. ఆ బొట్టును ఎస్‌హెచ్2 గుర్తుపట్టి పట్టుకొంటుంది. ఎస్‌హెచ్3లు సాస్ అనే మరో ప్రోటీనును వెంట తెస్తాయి. సాస్ వెళ్ళి రాస్‌ను మేలుకొలుపుతుంది. కణవిభజనకు ఆజ్ఞ వెలువడుతుంది. ఎస్‌హెచ్2ను 1986లో కెనడాలో టోనీ పాసన్ బృందం గుర్తించింది. ఈ గొలుసంతా 1993కు తేటపడింది. మనిషిలో వందకు పైగా ప్రోటీన్లకు ఎస్‌హెచ్2 ఉన్నది. కణంలోని వల ఇటువంటి చుట్టరికాలతో అల్లినదే.

పని ముగిశాక రాస్ నిద్రపోవాలి. 1982లో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో, మన ఉస్మానియాలో చదివిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారూ సహచరులూ మూత్రాశయ కాన్సరు కణాల రాస్‌లో 12వ చోట గ్లైసిన్‌కు బదులు వాలిన్ ఉన్నదని కనుగొన్నారు. (ఆ ఏడే మరి రెండు ప్రయోగశాలలూ అదే చూశాయి.) జన్యువులో ఒక్క అక్షరం! ఇక పేరయ్య పిలువకున్నా రాస్ మేలుకొనే ఉంటుంది.

2021లో ఎఫ్.డి.ఏ. సోటోరాసిబ్ మాత్రకు త్వరిత అనుమతినిచ్చింది. రాస్ తోబుట్టువైన కె-రాస్‌లో అదే 12వ చోట సిస్టీన్ చేరిన ఊపిరితిత్తుల కాన్సరుకు అది మందు. ఆ సిస్టీన్‌కే అంటుకొని కూర్చుంటుంది.